కాక అడిగిన హైడ్రోజన్ బాటిల్

పోయిన వానాకాలం సంగతి. ఆఫీసులో లంచ్ టైం. కాక ఫోన్ నుంచి ఒక రీల్ వచ్చింది. తెల్ల కోటు వేసుకున్న ఒకాయన చేతిలో గాజు బాటిల్. బటన్ నొక్కగానే అడుగు నుంచి సన్నని బుడగలు లేస్తున్నాయి. "ఇది మామూలు నీళ్లు కాదు, హైడ్రోజన్ నీళ్లు. నరాల్లో పేరుకున్న పురుగుమందుల విషాన్ని కడిగేస్తుంది" అంటున్నాడాయన. కింద ధర 4,999 రూపాయలు. ఇంకో అరగంటే ఆఫర్ అట.

రీల్ వెనకాలే వాయిస్ మెసేజ్. "కొడుకా, ఇది నిజమేనారా? నాకు పాదాలు మొద్దుబారుతున్నయ్, వేళ్లు గుంజుతున్నయ్. నువ్వు ఇంజినీరువు గదా, చూసి చెప్పు."

మాది జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలం. అటు మెట్‌పల్లి, ఇటు కోరుట్ల, ఉత్తరాన గోదావరి. వరి, పసుపు, మక్కజొన్న, మామిడి. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు మా కాక చెరుకు వేసేవాడు. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు పోయింది, రెండెకరాల వరి మిగిలింది. రెండెకరాలతో ఇల్లు గడవదు కాబట్టి కాక పంపు భుజానికెత్తుకున్నాడు. ఊళ్లో ఎవరి పొలంలో మందు కొట్టాలన్నా కాకనే పిలుస్తారు. ట్యాంకుకు ఇంత అని కూలి. సీజన్‌లో పొద్దున ఆరుకు ఎక్కిన పంపు మధ్యాహ్నం దాకా దిగదు.

నేను నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో బీటెక్ చేసి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. నా రెండో ఏడాది ఫీజులో కొంత కాక పంపు కూలీ పైసలు. అందుకే ఆ వాయిస్ మెసేజ్ విన్నాక ఎక్కువ ఆలోచించలేదు. గూగుల్‌లో రెండు నిమిషాలు వెతికాను. "హైడ్రోజన్ వాటర్, పెస్టిసైడ్, నరాలు" అని కొడితే నిజంగానే ఒక రీసెర్చ్ పేపర్ కనిపించింది. హెడ్డింగ్ చదివాను, లోపల చదవలేదు. ఆర్డర్ పెట్టేశాను.

ఇంజినీర్‌ను అని చెప్పుకునే నేను చేసిన పని అది. దాని ఫలితం ఏమైందో, ఆ తర్వాత పేపర్ మొత్తం చదివితే ఏం తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నా. మీ ఇంట్లో కూడా ఒక కాకనో, బాపునో, మామనో ఉండొచ్చు. మీ ఫోన్‌కీ ఆ రీల్ వచ్చే ఉంటుంది.

బాటిల్ వచ్చాక...

మొదటి వారం కాక మస్తు ఖుషీ. పొద్దున ఒక బాటిల్, పొలం నుంచి వచ్చాక ఒక బాటిల్. "పానం తేలికైందిరా" అన్నాడు. నాకూ సంతోషమే.

ఒక శనివారం ఊరికి పోయినప్పుడు ఒకటి గమనించాను. అంతకుముందు కాక మందు కొట్టి రాగానే బోరింగ్ దగ్గర అంగీ విప్పేసి, సబ్బుతో కడుక్కుని, ఆ తర్వాతే ఇంట్లోకి వచ్చేవాడు. చిన్నమ్మ గట్టిగా పెట్టిన రూల్ అది. ఆ రోజు మాత్రం తడి అంగీతోనే వచ్చి, మంచం మీద కూర్చుని, బాటిల్ బటన్ నొక్కాడు. చిన్నమ్మ కోప్పడితే, "లోపలికి పోయింది ఎట్లాగూ ఇది కడుగుతది గదనే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తొస్తుంది.

సెప్టెంబర్ చివర్లో వరికి సుడిదోమ తగిలింది. ఊళ్లో అందరికీ ఒకేసారి మందు కొట్టాలి. కాకకు రోజుకు మూడు నాలుగు పొలాలు. ఒక రోజు ట్యాంకు మూత దగ్గర వాషర్ చినిగి, మందు నీళ్లు వీపు మీద కారుతూనే ఉన్నాయి. అంగీ తడిసి ఒంటికి అతుక్కుంది. "ఇంకో రెండు ట్యాంకులే గదా" అని ఆపలేదు.

సాయంత్రం ఐదింటికి చెమటలు మొదలయ్యాయి. నోట్లో ఒకటే ఊట. కళ్లు మసక. వాంతి. చిన్నమ్మ మజ్జిగ కలిపి ఇచ్చింది. కాక అది తాగి, హైడ్రోజన్ బాటిల్ రెండుసార్లు నింపుకుని తాగి, "తగ్గుతది, పండుకుంట" అన్నాడు. రెండు గంటలు అట్లాగే గడిచిపోయాయి. ఏడున్నరకు తమ్ముడు కాలేజీ నుంచి వచ్చేసరికి కాక తొడల మీద కండరాలు చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతున్నాయి. తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. నేను రిలీజ్ కాల్‌లో ఉన్నా. మూడోసారికి ఎత్తాను. "అన్నా, బాపుకు మందు ఎక్కింది."

108లో ఆస్పత్రికి తీసుకుపోయారు. డాక్టర్ మొదట అడిగిన ప్రశ్న, "ఏ మందు కొట్టాడు?" ఎవరికీ తెలియదు. డబ్బా పొలం గట్టు మీదే ఉంది. పక్కింటాయన బండి మీద పోయి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అప్పుడు తెలిసింది, అది ఆర్గానోఫాస్ఫేట్ రకం అని. కంటిపాపలు సూది మొనంత చిన్నగా అయిపోయాయి. అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇస్తూ పోయారు. నేను రాత్రి రెండింటికి చేరేసరికి ఊట తగ్గింది, ఊపిరి కుదురుగా ఉంది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. బతికాడు.

"రెండు గంటలు ఎందుకు ఆగారు?" అని డాక్టర్ అడిగినప్పుడు చిన్నమ్మ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

లోపల ఏం జరుగుతుంది?

ఆ నాలుగు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను చేసిన పని చదవడం. మొదటిరోజే చేయాల్సిన పని. నాకు అర్థమైనంత సింపుల్‌గా చెప్తాను.

మన నరం కండరానికి ఒక ఆర్డర్ పంపాలంటే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. కండరం కదులుతుంది. పని అయిపోగానే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ వచ్చి ఆ రసాయనాన్ని ముక్కలు చేసి తుడిచేస్తుంది. మా భాషలో చెప్పాలంటే, ప్రాసెస్ అయిపోయాక దాన్ని క్లోజ్ చేసే ప్రోగ్రామ్ అన్నమాట.

ఆర్గానోఫాస్ఫేట్ మందులు పోయి ఆ ఎంజైమ్‌కు అతుక్కుంటాయి. ఇక క్లోజ్ చేసేవాడు లేడు. ఆర్డర్ మీద ఆర్డర్, ఆగని లూప్. అందుకే చెమట ఆగదు, నోటి ఊట ఆగదు, కండరాలు అదురుతాయి, కంటిపాప ముడుచుకుంటుంది. ముదిరితే ఊపిరితిత్తుల్లో ఊట నిండి, శ్వాస కండరాలు పడిపోయి ప్రాణం పోతుంది. పురుగును చంపేదీ ఇదే పద్ధతి. 1930ల్లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే కెమిస్ట్ పురుగుమందుల కోసం ఈ జాతి రసాయనాల మీద పనిచేస్తుంటే బయటపడిందే టాబున్ అనే యుద్ధ విషవాయువు. 1995లో టోక్యో మెట్రోలో వదిలిన సారిన్ కూడా ఈ కుటుంబమే. పొలంలో కొట్టేవి వాటికన్నా చాలా బలహీనం, కానీ చుట్టరికం అదే.

అట్రోపిన్ ఆ ఆర్డర్లు కొన్ని చోట్ల అందకుండా అడ్డుపడుతుంది. ప్రాలిడాక్సిమ్ అనే ఇంకో మందు ఎంజైమ్‌కు అతుక్కున్న విషాన్ని ఊడదీయడానికి ఇస్తారు. అయితే టైం గడిచేకొద్దీ ఆ అతుకు ఊడనంతగా బిగుసుకుపోతుంది. కొన్ని మందులకు ఇది గంటల్లోనే జరుగుతుంది. మేం పోగొట్టుకున్న రెండు గంటల విలువ నాకు అక్కడ అర్థమైంది.

గండం గడిచాక కూడా కథ అయిపోదు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ లేపలేనంత నీరసం వచ్చి శ్వాస ఆడదు. దీన్ని 1987లో శ్రీలంక డాక్టర్లు గుర్తించి ప్రపంచానికి చెప్పారు. కొన్ని రకాల మందులతో రెండు మూడు వారాల తర్వాత పాదాల్లో తిమ్మిర్లు, కాళ్లలో బలహీనత మొదలవుతాయి. ఇక ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతే ఏమవుతుందన్నది ఇంకో పెద్ద ప్రశ్న. పార్కిన్సన్స్ జబ్బుకూ పురుగుమందులకూ ఉన్న సంబంధం మీద బోలెడు పరిశోధన జరిగింది. ఫ్రాన్స్ 2012లోనే పురుగుమందులతో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తి వల్ల వచ్చే జబ్బుగా గుర్తించింది.

మరి హైడ్రోజన్ సంగతి?

ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. హైడ్రోజన్ నీళ్లు అంటే గాలిలోంచి పుట్టిన మోసం కాదు. దాని వెనక నిజమైన సైన్స్ ఉంది. 2007లో టోక్యోలోని నిప్పన్ మెడికల్ స్కూల్ బృందం నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక పేపర్ వేసింది. మెదడుకు రక్తం ఆగిపోయిన ఎలుకలకు హైడ్రోజన్ కలిపిన గాలి పీల్పిస్తే మెదడు దెబ్బ తగ్గింది. కణాల్లో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి ప్రమాదకరమైన ముక్కను హైడ్రోజన్ ఏరి పట్టుకుంటుందని వాళ్లు చూపించారు. యాంటీ ఆక్సిడెంట్ అనే పేరు దానికి అట్లా వచ్చింది.

నేను హెడ్డింగ్ మాత్రమే చదివిన పేపర్ 2014 నాటిది, చైనా పరిశోధకులది. ఎలుకలకు క్లోరోపైరిఫాస్ అనే ఆర్గానోఫాస్ఫేట్‌ను రోజూ కొద్ది మోతాదులో కొన్ని వారాల పాటు ఇచ్చారు. కొన్ని ఎలుకలకు దాంతోపాటు హైడ్రోజన్ నీళ్లు కూడా ఇచ్చారు. ఆ నీళ్లు తాగిన ఎలుకల మెదడులో, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ భాగంలో, దెబ్బ తక్కువగా కనిపించింది.

రీల్‌లో తెల్లకోటు ఆయన చెప్పింది ఇంతవరకు నిజం. ఆయన చెప్పనివి చూడండి.

మొదటిది, అది ఎలుక. లెక్క కట్టిన మోతాదు, లెక్క కట్టిన నీళ్లు, పక్కనే పోల్చి చూడటానికి ఇంకో గుంపు. మా కాక ఎలుక కాదు. ఆయన ఒంటి మీద కారిన మందును ఎవరూ కొలవలేదు. ఎలుకలో పనిచేసిన ప్రతీదీ మనిషిలో పనిచేస్తే ఈపాటికి క్యాన్సర్‌కు వంద మందులు ఉండేవి.

రెండోది, మనుషుల మీద పెద్దగా పరీక్షించి చూసిన చోట ఏం జరిగిందో కూడా తెలుసుకోవాలి. జపాన్‌లో 2013లో పార్కిన్సన్స్ పేషెంట్ల మీద ఒక చిన్న ట్రయల్ ఫలితం వచ్చింది. 17 మంది, రోజుకు లీటర్ నీళ్లు, 48 వారాలు. హైడ్రోజన్ నీళ్లు తాగినవాళ్లకు కొంచెం నయంగా అనిపించింది. అందరూ ఆశపడ్డారు. అదే బృందం ఈసారి చాలా ఆస్పత్రుల్లో, 178 మందితో, 72 వారాల ట్రయల్ చేసింది. ఎవరికి హైడ్రోజన్ నీళ్లు ఇస్తున్నారో, ఎవరికి మామూలు నీళ్లు ఇస్తున్నారో పేషెంట్‌కూ డాక్టర్‌కూ తెలియకుండా. 2018లో ఫలితం వచ్చింది. రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తమ ఆశ నిజం కాలేదని ఆ బృందమే పేపర్ రాసింది. సైన్స్ అంటే నాకు గౌరవం పెరిగింది అక్కడే. రీల్స్ మాత్రం 2013 దగ్గరే ఆగిపోయాయి.

మూడోది లెక్క. గది వేడిలో మామూలు ఒత్తిడి దగ్గర లీటర్ నీళ్లలో కరిగే హైడ్రోజన్ మహా అయితే 1.6 మిల్లీగ్రాములు. అదీ మూత తీసి పెడితే నిలవదు, మెల్లగా గాలిలో కలిసిపోతుంది. ఇంకో తమాషా ఏంటంటే, మన పేగుల్లోని బ్యాక్టీరియా కూడా హైడ్రోజన్ తయారుచేస్తుంది. పప్పులు, పీచు ఉన్న తిండి తిన్నప్పుడు మరీ ఎక్కువ. పాలు అరగని వాళ్లను గుర్తించడానికి డాక్టర్లు శ్వాసలో హైడ్రోజన్ కొలిచే పరీక్షే ఉంది. అంటే చిన్నమ్మ చేసే పప్పుచారు కూడా ఒక రకంగా హైడ్రోజన్ బాటిలే.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. విషం మొదట చేసే పని ఎంజైమ్‌ను పట్టేయడం. రాడికల్స్, ఆక్సిడేటివ్ స్ట్రెస్ లాంటివి దాంతోపాటు, దాని వెనకాల వచ్చే డ్యామేజ్. పొలం నుంచి వచ్చి చెమటలు పడుతున్న మనిషికి యాంటీ ఆక్సిడెంట్ తాపించడం అంటే, సర్వర్ రూమ్ తగలబడుతుంటే కూర్చుని లాగ్ ఫైల్స్ డిలీట్ చేసినట్టు. చేసే పని తప్పు కాకపోవచ్చు. మంట మాత్రం ఆరదు.

అన్నట్టు, ఆల్కలైన్ వాటర్ వేరు, హైడ్రోజన్ వాటర్ వేరు. ఒకటి పీహెచ్ సంగతి, ఇంకోటి కరిగిన వాయువు సంగతి. ఈ రెండిటినీ కలిపి చెప్పేవాడు కనిపిస్తే అక్కడే వీడియో ఆపేయండి.

బాటిల్ చేసిన నష్టం

ఆ బాటిల్ నీళ్లలో విషం లేదు. తాగితే కాకకు నేరుగా వచ్చిన నష్టమూ లేదు. నష్టం వేరే చోట జరిగింది. దాన్ని చూసుకుని ఆయన అంగీ విప్పడం మానేశాడు. దాన్ని చూసుకుని ఇంకో రెండు ట్యాంకులు కొట్టాడు. దాన్ని చూసుకుని రెండు గంటలు ఆస్పత్రికి పోలేదు. 4,999 రూపాయలకు నేను కొనిచ్చింది ధైర్యం. అదీ తప్పుడు ధైర్యం.

ఇది కాక ఒక్కడి కథ కాదు. మన దేశంలోని మూడు ఊళ్లలో పత్తి రైతులను సీజన్ మొత్తం గమనించి 2005లో ప్రచురించిన ఒక స్టడీ ఉంది. నమోదైన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు ఏదో ఒక స్థాయిలో విషప్రభావం లక్షణాలు కనిపించాయి. 6 శాతం సార్లు నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. వాళ్లలో డాక్టర్ దగ్గరికి పోయినవాళ్లు ఎంతమందో తెలుసా? ఒక్కరు కూడా లేరు. సొంత భూమి ఎక్కువ ఉన్నవాళ్లకన్నా చిన్న రైతులకే దెబ్బ ఎక్కువ తగిలింది. మా కాకను చూశాక ఆ లెక్కలో నాకు ఆశ్చర్యం కనిపించలేదు.

మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి లెక్కలు ఇంకా బరువైనవి. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో అక్కడ చేరినవాళ్లు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా బతకలేదు. వీళ్లలో చాలామంది మందు కొడుతూ వచ్చినవాళ్లు కాదు, బతుకు మీద విసిగి వచ్చినవాళ్లు. మీకు గానీ, మీవాళ్లకు గానీ అంత భారం అనిపిస్తే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. 2002లో ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండే మందులవి, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. 2013లో బిహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయిన ఘటనలో దొరికింది మోనోక్రోటోఫాసే. దాని 36 శాతం ద్రావణాన్ని కేంద్రం 2023లో నిషేధించింది, అప్పటికే తయారైన సరుకును గడువు దాకా అమ్ముకోనిచ్చింది. 2017లో మనకు పక్కనే ఉన్న మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. నరాలను కాపాడింది ఏదైనా ఉందంటే, ప్రమాదకరమైన మందును షాపులోంచి తీసేయడమే.

కాక పాదాలకు ఏమైంది?

డిశ్చార్జ్ అయ్యాక నెలకు కాకను కరీంనగర్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకుపోయాను. నేను "పురుగుమందుల వల్లే సార్" అని డాక్టర్‌కే డయాగ్నసిస్ చెప్పబోయాను. ఆయన నవ్వి, షుగర్, థైరాయిడ్, బీ12 పరీక్షలు రాశారు. నరాల్లో కరెంటు వేగం కొలిచే పరీక్ష కూడా చేయించారు.

పాదాల నరాల్లో వేగం కొంచెం తగ్గింది. బీ12 బాగా తక్కువ ఉంది. షుగర్ అంచు మీద ఉంది. "మూడూ కలిసి ఉండొచ్చు. ఇదొక్కటే కారణం అని చెప్పలేను. బీ12కు మందు ఉంది, షుగర్‌కు తిండి జాగ్రత్త ఉంది. పురుగుమందుకు ఒకటే మందు, దాని జోలికి పోకపోవడం" అన్నారు. నాకు ఇంకో భయం వేసింది. బాటిల్‌ను నమ్ముకుని ఇంకో రెండేళ్లు పోతే, చక్కగా నయమయ్యే బీ12 లోపం కూడా ముదిరిపోయేది కదా.

కానీ "జోలికి పోకు" అని చెప్పడం తేలిక. పంపు దింపితే కూలి ఎక్కడిది? ఈ విషయం మీద మా ఇంట్లో గట్టిగానే గొడవ అయింది. "నీకు నెలకు జీతం పడ్తది, నాకు పడ్తదా?" అన్నాడు కాక. నా దగ్గర జవాబు లేదు. ఈ మధ్య మా వైపు డ్రోన్లు వచ్చాయి. డ్రోన్ వాళ్లు కాకను మందు కలిపే పనికి పిలిచారు. వీపు మీద పంపు ఉండదు కదా అని నేను కూడా సరే అనబోయాను. తర్వాత ఆలోచిస్తే, పొలంలో కొట్టేది నీళ్లు కలిపిన మందు, కలిపేవాడి చేతిలో ఉండేది చిక్కటి మందు. గ్లౌజులు లేకుండా అది ఇంకా ప్రమాదం.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఊరి పొలాలకు కూలికి కొట్టడం బంద్. సొంత రెండెకరాలకు మాత్రం, అదీ పురుగు నిజంగా ఉందో లేదో దుబ్బుల మొదళ్లు చూశాకే. ఏ మందు, ఎంత అన్నది షాపు ఆయనను కాదు, పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లనో, కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551నో అడగాలి. సీజన్ కూలి పోయిన లోటులో కొంత నేను పంపుతా. ఫీజు బాకీ తీరుస్తున్నాననుకున్నా. కాక ముందు ఒప్పుకోలేదు. చిన్నమ్మ ఒప్పించింది.

ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసుకోండి

నైట్రైల్ గ్లౌజులు, ప్లాస్టిక్ ఏప్రన్, ముఖానికి షీల్డ్, గమ్ బూట్లు, మాస్క్. నేను కొన్నవన్నీ కలిపి 1,850 రూపాయలయ్యాయి. బాటిల్ ధరలో సగం కూడా లేదు. మందు ఎక్కువగా లోపలికి పోయేది చర్మం నుంచే. కాబట్టి ముక్కుకు రుమాలు కట్టుకుని ఒట్టి చేతులతో మందు కలిపితే లాభం లేదు. కర్రతోనే కలపాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదొద్దు. గాలికి ఎదురు పోవద్దు. మధ్యలో బీడీ, తంబాకు వద్దు. పంపు కారుతుంటే అక్కడే ఆపేయాలి. ఇంటికి రాగానే బట్టలు విప్పి సబ్బుతో స్నానం, ఆ బట్టలు వేరుగా ఉతకాలి. ఉతికేవాళ్లకు కూడా గ్లౌజులు కావాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఆ బట్టలు ఉతికేది ఆడవాళ్లు.

డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అంటే అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం తక్కువ అని మాత్రమే, అసలు లేదని కాదు.

చెమటలు, నోటి ఊట, మసక చూపు, వాంతులు, కండరాల అదురు. మందు కొట్టాక ఇవి కనిపిస్తే బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగి, వెంటనే 108. కళ్లలో పడితే పావుగంట నీళ్లతో కడగాలి. బలవంతంగా వాంతి చేయించొద్దు. మజ్జిగ, చింతపండు నీళ్లు, హైడ్రోజన్ నీళ్లు ఏదీ విరుగుడు కాదు. మందు డబ్బా, లేదా దాని ఫోటో ఆస్పత్రికి తీసుకుపోండి. సీజన్ మొదట్లోనే మీ ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకోండి. ఇది ఫ్రీ, నిమిషం పని.

హైడ్రోజన్ మీద రేపు ఇంకో మంచి ట్రయల్ రావొచ్చు. మందు కొట్టే మనుషుల్లోనే పరీక్షించి, నిజంగా పనిచేస్తుందని తేలితే నేనే మొదట రాస్తా. అప్పటిదాకా అది ఎలుకల దగ్గర ఆగిన ఒక ఆసక్తికరమైన ఆలోచన, అంతే.

బాటిల్ వాపస్ తీసుకోమని అమ్మినవాళ్లకు రాశాను. "ఓపెన్ చేసిన ప్రొడక్ట్‌కు రిటర్న్ లేదు" అని మెసేజ్ వచ్చింది. అది ఇప్పుడు కాక ఇంట్లో గూట్లో ఉంది. కాక పాదాల తిమ్మిర్లు బీ12 ఇంజెక్షన్లతో కొంత తగ్గాయి, పూర్తిగా పోలేదు. పొద్దున లేవగానే చెప్పులు తొడుక్కున్నదీ లేనిదీ కిందికి చూసుకుంటే గానీ తెలియదంటాడు.

మొన్న ఫోన్‌లో కాక ఒక మాట చెప్పాడు. పక్క వాడకట్టులో పంపు కొట్టే పిల్లగాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయి, రీల్ పట్టుకుని వచ్చాడట. "మామా, నీ దగ్గర ఆ బాటిల్ ఉందట గదా, మంచిగ పనిచేస్తదా?" అని అడిగాడట.

"మరి ఏమన్నవ్ కాకా?"

"గూట్లకెళ్లి తీసి, ఊకెనే తీసుకపో అన్న. తీసుకపోయే ముందు మాత్రం నా గ్లౌజులు తొడిగి సైజు చూసిన. సరిపోయినయ్. అసొంటివే ఇంకో జత పంపు."

నేను రెండు జతలు పంపాను.